గణిత సందేహాలు: దూరం తీసేస్తే ఏం మిగులుతుంది?

ఈ నెల అందిన ఉత్తరాలలో నాలుగు టోపాలజీ (దూరాన్ని కొలవకుండానే దగ్గరతనాన్ని, ఆకారాలను పరిశీలించే గణిత శాఖ) గురించే ఉన్నాయి. నాలుగూ తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచే వచ్చాయి. ఎమ్మెస్సీ తరగతులు మొదలై రెండు నెలలు గడిచేసరికి విద్యార్థులు ఈ సబ్జెక్టు దగ్గర ఆగిపోవడం నేను పాఠం చెప్పిన రోజుల నుంచీ చూస్తున్నదే. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు తిరుపతిలో ఎమ్మెస్సీ గణితం మొదటి సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీలో రియల్ అనాలిసిస్ నాకు బాగానే వచ్చింది. టోపాలజీలో మాత్రం మొదటి రోజే బోర్డు మీద మూడు నియమాలు (శూన్య సమితి, మొత్తం సమితి కుటుంబంలో ఉండాలి; కుటుంబంలోని ఎన్ని సమితుల సమ్మేళనమైనా, అంటే యూనియన్ అయినా, అందులో ఉండాలి; పరిమిత సంఖ్యలో సమితుల ఛేదనం, అంటే ఇంటర్‌సెక్షన్, అందులో ఉండాలి) రాసి, వాటిని పాటించే సమితుల కుటుంబమే టోపాలజీ అన్నారు. ఆ మూడింటినీ కంఠస్థం చేశాను. కాని అవే మూడు ఎందుకో, సమ్మేళనానికి లేని హద్దు ఛేదనానికి ఎందుకో అర్థం కాలేదు. దూరమే లేనప్పుడు ‘ఓపెన్’ అన్న మాటకు అర్థమేమిటి? ఈ సబ్జెక్టును ఎలా చదవాలి సార్? — ఒక విద్యార్థిని, శ్రీకాళహస్తి

జవాబు: అమ్మా, అలిపిరి దగ్గర నిలబడి తిరుమల ఎంత దూరమని అడిగితే, మెట్ల దారిన నడిచేవారు ఒక లెక్క చెబుతారు, ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపే డ్రైవరు మరొక లెక్క చెబుతాడు, పటం మీద స్కేలు పెట్టి కొలిచేవారు మూడో లెక్క చెబుతారు. మూడు అంకెలూ వేరువేరు. అయినా ఆలయాన్ని సమీపిస్తున్నకొద్దీ మూడు లెక్కలూ సున్నాకే దిగివస్తాయి. దూరం ఎంత అన్నది కొలిచే పద్ధతిని బట్టి మారుతుంది గాని, దగ్గర పడుతున్నామా లేదా అన్నది మారడం లేదు. దూరపు అంకెను పక్కన పెట్టి, ఈ ‘దగ్గర పడటం’ ఒక్కదాన్నే నిలబెట్టుకోవడానికి ఎంత సామగ్రి కావాలి? ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చినవే మీరు కంఠస్థం చేసిన మూడు నియమాలు.

దీన్ని కాగితం మీద చూడండి. సమతలంలో రెండు బిందువుల మధ్య దూరాన్ని సరళరేఖ వెంట కొలవవచ్చు. గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ ఉన్న మాడ వీధుల్లో నడిచేవారిలాగా అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని రెండూ కలిపి కొలవవచ్చు. ఆ రెండింటిలో పెద్దదాన్నే దూరమని అనుకోవచ్చు. మూల బిందువు చుట్టూ ఒక యూనిట్ లోపల ఉన్న బిందువులను గీస్తే, మొదటి పద్ధతిలో వృత్తం, రెండో పద్ధతిలో మూల మీద నిలబెట్టిన చతురస్రం, మూడో పద్ధతిలో మామూలు చతురస్రం వస్తాయి. ఈ మూడు బొమ్మల్లో ఏదాని లోపలైనా మిగిలిన రెండింటినీ చిన్నవి చేసి ఇమడ్చవచ్చు. కాబట్టి ‘ప్రతి బిందువుకూ చుట్టూ కాస్త చోటు ఉన్న సమితి’ అని దేన్నంటామో, ఆ సమితుల జాబితా మూడు పద్ధతుల్లోనూ ఒకటే. ఆ సమితులే వివృత సమితులు, అంటే ఓపెన్ సెట్లు. ఏ అనుక్రమానికి అవధి ఉంది, ఏ ప్రమేయం అవిచ్ఛిన్నం అన్నవి ఈ జాబితా ఒక్కదాని మీదే ఆధారపడతాయి.

ఇక నియమాల సంగతి. శూన్య సమితి, మొత్తం సమితి జాబితాలో ఉండాలన్నదానిలో చిక్కేమీ లేదు. సమ్మేళనాన్ని తీసుకోండి. ఎన్ని వివృత సమితులను కలిపినా, కలిసిన దానిలోని బిందువు వాటిలో ఏదో ఒకదానిలో ఉండే తీరుతుంది. ఆ ఒక్కటి ఇచ్చే చోటు చాలు. అందుకే అక్కడ హద్దు లేదు. ఛేదనంలో అలా కాదు. బిందువు అన్ని సమితుల్లోనూ ఉంది, ఒక్కొక్కటి ఒక్కో వ్యాసార్ధంతో చోటు ఇస్తోంది, మనకు అన్నింటికీ సరిపోయే చోటు కావాలి కనుక ఆ వ్యాసార్ధాల్లో కనిష్ఠాన్ని తీసుకోవాలి. పరిమిత సంఖ్యలో ఉన్న ధన సంఖ్యల్లో కనిష్ఠం ఎప్పుడూ ధన సంఖ్యే. అనంతంగా ఉంటే ఆ హామీ లేదు. −1/n నుంచి 1/n వరకు ఉన్న వివృతాంతరాలను అన్ని n లకూ ఛేదిస్తే సున్నా ఒక్కటే మిగులుతుంది, దాని చుట్టూ చోటు లేదు. నియమంలోని ‘పరిమిత’ అన్న మాట ఇక్కడి నుంచి వచ్చింది. పరిమిత సంఖ్యలో ఉన్న ధన సంఖ్యల కనిష్ఠం ధన సంఖ్యే అన్న వాక్యాన్ని గుర్తుంచుకోండి, రెండో ఉత్తరంలో మళ్లీ అవసరపడుతుంది.

చరిత్రలో కూడా అడుగులు ఈ వరుసలోనే పడ్డాయి. 1906లో ఫ్రెంచి గణితవేత్త ఫ్రెషే దూరం అన్న భావనను సంఖ్యా రేఖ నుంచి విడదీసి ఏ సమితి మీదనైనా పెట్టవచ్చని చూపాడు. 1914లో జర్మన్ గణితవేత్త హౌస్‌డార్ఫ్ ఆ దూరాన్ని కూడా వదిలి, బిందువు చుట్టూ ఉండే పొరుగులతోనే పని నడిపాడు. వివృత సమితులతో మనం ఇప్పుడు రాసే నిర్వచనం ఆ తరువాత స్థిరపడింది. ఎనిమిదేళ్ల ఎడంతో వేసిన ఆ రెండడుగులను మీ చేత ఒకే పీరియడ్‌లో వేయించారు కనుక తడబడటంలో మీ తప్పేమీ లేదు. అందువల్లే మెట్రిక్ స్పేస్‌లను (దూరం నిర్వచించిన సమితులను) ముందు చెప్పి తరువాత టోపాలజీకి వచ్చే పుస్తకం చేతిలో ఉండటం మంచిదని నా అభిప్రాయం. 1963లో వచ్చిన సిమన్స్ పుస్తకం ఆ వరుసలో నడుస్తుంది. మంక్రెస్ పుస్తకం నేరుగా టోపాలజీతో మొదలై మెట్రిక్‌లకు తరువాత వస్తుంది. దానిలోని అభ్యాసాలు మాత్రం వదలకూడనివి.

ఎలా చదవాలని అడిగారు. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టి, అందులో అయిదారు స్పేస్‌లను మాత్రమే రాసుకోండి: సంఖ్యా రేఖ, అన్ని ఉపసమితులూ వివృతమైన డిస్క్రీట్ స్పేస్, రెండే వివృత సమితులున్న ఇన్‌డిస్క్రీట్ స్పేస్, [a, b) అంతరాలతో నిర్మించిన రేఖ, సహజ సంఖ్యల మీద కోఫైనైట్ టోపాలజీ. తరగతిలో కొత్త నిర్వచనం వచ్చిన ప్రతిసారీ, సిద్ధాంతం జోలికి వెళ్లకముందే, ఈ అయిదింటిలో అది ఎక్కడ నిలుస్తుందో ఎక్కడ తెగుతుందో మీ చేత్తో రాయండి. ఉదాహరణకు కోఫైనైట్ టోపాలజీలో, శూన్య సమితి కాక, పరిమిత సంఖ్యలో మూలకాలను మాత్రమే వదిలేసిన సమితులు వివృతాలు. అక్కడ 1, 2, 3 అంటూ సాగే అనుక్రమానికి అవధి ఏమిటి? 7 చుట్టూ ఏ వివృత సమితిని తీసుకున్నా అది వదిలేసిన సంఖ్యలు కొన్నే కనుక, అనుక్రమం ఒక స్థానం దాటాక పూర్తిగా ఆ సమితిలోనే ఉంటుంది. అంటే అవధి 7. అదే కారణంతో అవధి 12 కూడా, 1954 కూడా, ఏ సహజ సంఖ్యయినా సరే. డిగ్రీలో మీరు ఆలోచించకుండా వాడిన ‘అవధి ఒక్కటే’ అన్న మాట ఇక్కడ కూలిపోయింది. ఏ రెండు వేరువేరు బిందువులనైనా ఒకదానికొకటి తగలని రెండు వివృత సమితులతో విడదీయగలగాలన్న హౌస్‌డార్ఫ్ నియమం ఎందుకు పెట్టారో ఇప్పుడు ఎవరూ చెప్పనక్కరలేదు.

మరొక అభ్యాసం ఉంది. మూడు మూలకాల సమితి మీద ఉండగల టోపాలజీలన్నింటినీ రాయండి. రెండు మూలకాల మీద నాలుగే ఉంటాయి, మూడింటి మీద 29 ఉంటాయి. ఒకసారి ఒక విద్యార్థి పాత క్యాలెండరు కాగితాల వెనుక వీటిని రాసి తెచ్చాడు. 26 మాత్రమే వచ్చాయి. తప్పిన మూడూ ఒకే తరహావి: ఒక మూలకం ఒక వివృత సమితి, మిగిలిన రెండూ కలిసి మరొక వివృత సమితి. వేరే వివృత సమితుల తోడు లేకుండా ఒక సమితి, దాని పూరకం రెండూ వివృతాలు కాకూడదని అతను మనసులో అనుకున్నాడు. ఎవరూ చెప్పని ఆ నియమాన్ని అతని చేత చేర్పించింది ‘తెరిచినది, మూసినది’ అన్న మాటల అర్థమే. టోపాలజీలో పూరకం వివృతమైన సమితినే సంవృతం, అంటే మూసినది, అంటాము కనుక ఒక సమితి రెండూ కావచ్చు, రెండూ కాకపోవచ్చు. ఆ మూడింటిని కనుక్కున్న సాయంత్రం తరువాత అతనికి కనెక్టెడ్‌నెస్ (స్పేస్ ఒకే ముక్కగా ఉండటం) గురించి నేను పెద్దగా చెప్పవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే సొంతంగా రెండు వివృత ముక్కలుగా విడిపోయే స్పేస్‌ను అతను అప్పటికే కళ్లతో చూశాడు.

తెలుగు మాధ్యమం గురించి మీరు దిగులు పడవద్దు. ఉపపత్తిని మొదట తెలుగులో మీ సొంత మాటల్లో రాసుకుని, తరువాత ఇంగ్లీషులో పెట్టండి. ఈ సబ్జెక్టులో తప్పులు ఎక్కువగా వచ్చేది ‘ప్రతి’, ‘ఒక’ అన్న రెండు మాటల వరుస దగ్గరే. ప్రతి తాళానికీ ఒక చెవి ఉందన్న మాట వేరు, ఒకే చెవి అన్ని తాళాలకూ సరిపోతుందన్న మాట వేరు. తెలుగులో ఆ తేడా వినగానే తెలిసిపోతుంది.

ప్రశ్న: సంఖ్యా రేఖ మీద ‘సంవృతం, పరిబద్ధం’ (క్లోజ్డ్, బౌండెడ్) అయితే కాంపాక్ట్ అని చదివాము. అంత సులువైన మాట ఉండగా ఓపెన్ కవర్లు (స్పేస్‌ను కలిసి కప్పే వివృత సమితులు), పరిమిత ఉపకవర్లు (వాటిలో స్పేస్‌ను కప్పడానికి చాలే కొన్ని) అంటూ ఎందుకు తిప్పాలి? పరీక్షలో ఒక మెట్రిక్ స్పేస్ గురించి ‘సంవృతం, పరిబద్ధం కనుక కాంపాక్ట్’ అని రాస్తే మార్కులు పోయాయి. — ఎమ్మెస్సీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: మార్కులు తీసేయడం న్యాయమే. సహజ సంఖ్యలను తీసుకుని, వేరువేరు సంఖ్యల మధ్య దూరం ఎప్పుడూ 1 అని పెట్టండి. మొత్తం స్పేస్ సంవృతం, ఏ దూరమూ 1 దాటదు కనుక పరిబద్ధం కూడా. కాని ఒక్కొక్క సంఖ్యా ఒక్కొక్క వివృత సమితి. ఈ ఏక మూలక సమితులన్నీ కలిసి స్పేస్‌ను కప్పుతాయి, వాటిలో ఒక్కదాన్ని తీసేసినా ఒక సంఖ్య బయట పడుతుంది. ప్రతి ఓపెన్ కవర్‌లోనూ పరిమిత ఉపకవర్ దొరికితేనే కాంపాక్ట్ అంటాము, ఇక్కడ పరిమిత ఉపకవర్ లేదు, కాబట్టి కాంపాక్ట్ కాదు.

అసలు లోపం ఇంకా లోతున ఉంది. ఏ దూరాన్నయినా తీసుకుని, 1 కన్నా ఎక్కువ వచ్చిన చోటల్లా 1 అని మార్చి రాయండి. చిన్న దూరాలు మారలేదు కనుక వివృత సమితులు అవే ఉంటాయి, కాని ఇప్పుడు ప్రతి సమితీ పరిబద్ధమే. అంటే ‘పరిబద్ధం’ అన్నది టోపాలజీకి సంబంధించిన గుణమే కాదు, అది కొలతబద్దకు సంబంధించిన గుణం. దూరాన్ని వదిలి వచ్చిన చోట మళ్లీ దూరంతో నిర్వచనం ఇవ్వలేము. సంఖ్యా రేఖ మీద ఆ మాట ఎందుకు నిజమవుతోందో వెతికి, అందులో వివృత సమితులతో చెప్పగల భాగాన్ని మాత్రమే తీసుకుంటే మిగిలేది ఓపెన్ కవర్ నిర్వచనం.

[0, 1] మీద ఆ పని ఎలా జరుగుతుందో ఒక్కసారి చేత్తో చేయండి. దాన్ని కప్పే వివృత సమితుల కుటుంబం ఒకటి ఇచ్చారనుకోండి. 0 నుంచి t వరకు ఉన్న ముక్కను వాటిలో పరిమిత సంఖ్యలో సమితులు కప్పగలిగే t లన్నింటినీ తీసుకుని, వాటి సుప్రీమంను (కనిష్ఠ ఎగువ హద్దును) s అనండి. s కూడా కుటుంబంలోని ఏదో ఒక సమితిలో ఉంది, ఆ సమితి s కు రెండు వైపులా కాస్త చోటు ఇస్తుంది. ఎడమ వైపు చోటులో ఇంతకుముందే పరిమితంగా కప్పిన t ఒకటి దొరుకుతుంది. ఆ పరిమిత సమితులకు ఈ ఒక్కదాన్ని చేర్చితే s వరకు వచ్చేశాము. s విలువ 1 కన్నా తక్కువైతే కుడి వైపు చోటు మనల్ని s దాటిస్తుంది, అది s సుప్రీమం అన్న మాటకు విరుద్ధం. కాబట్టి s = 1. ఇదే పనిని (0, 1) మీద, 1/n నుంచి 1 వరకు ఉన్న అంతరాలతో చేయబోతే మొదలే కుదరదు, ఎందుకంటే వాటిలో పరిమిత సంఖ్యలో తీసుకున్నప్పుడు అతి పెద్ద n ఒకటి ఉంటుంది, ఆ 1/n కు ఎడమ వైపున్న సంఖ్యలను కప్పేది ఏదీ ఉండదు.

ఇంతా చేసి దక్కేది ఏమిటంటే, మొదటి జవాబులో గుర్తుంచుకోమన్న వాక్యమే. కాంపాక్ట్ మెట్రిక్ స్పేస్ మీద అవిచ్ఛిన్న ప్రమేయం ఏకరీతి అవిచ్ఛిన్నం, అంటే యూనిఫార్మ్‌లీ కంటిన్యుయస్, అన్న సిద్ధాంతాన్ని చూడండి. అవిచ్ఛిన్నత ప్రతి బిందువుకూ దాని సొంత డెల్టాను ఇస్తుంది, కాని బిందువులు అనంతం కనుక ఆ డెల్టాలన్నింటికీ ధనాత్మకమైన కనిష్ఠం ఉంటుందన్న నమ్మకం లేదు. ప్రతి బిందువు చుట్టూ దాని డెల్టాలో సగం వ్యాసార్ధంతో గోళం గీస్తే అవన్నీ కలిసి ఓపెన్ కవర్ అవుతాయి. కాంపాక్ట్‌నెస్ వాటిలో పరిమిత సంఖ్యలో గోళాలు చాలునంటుంది. ఆ కొద్ది సగం డెల్టాల కనిష్ఠం ధన సంఖ్య, అదే స్పేస్ అంతటికీ పనికొచ్చే డెల్టా. ప్రతి తాళానికీ ఒక చెవి ఉన్న పరిస్థితి నుంచి ఒకే చెవికి చేరిన దారి ఇది. కాంపాక్ట్‌నెస్ అన్న మాట కనబడ్డ ప్రతి ఉపపత్తిలోనూ, ఎక్కడ అనంతం పరిమితమైందో ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీయండి.

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీలో టోపాలజీ అంటూ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటోంది. దీనితో ఉద్యోగం వస్తుందా? — ఒక తండ్రి, పలమనేరు

జవాబు: టోపాలజీ ఒక్కదానితో ఉద్యోగం రాదండీ. కాని అధ్యాపక ఉద్యోగాలకు, పరిశోధన ఫెలోషిప్‌లకు దారి అయిన సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో గణితం సిలబస్ చూస్తే బేసిస్, సబ్‌స్పేస్, ప్రొడక్ట్ టోపాలజీ, సెపరేషన్ యాక్సియమ్స్, కనెక్టెడ్‌నెస్, కాంపాక్ట్‌నెస్ అన్నీ ఉంటాయి. ఫంక్షనల్ అనాలిసిస్ వంటి పై పేపర్లు దీని మీదే నిలబడతాయి. పరిశోధన వైపు వెళ్లదలచుకుంటే, 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ రెండూ తిరుపతిలోనే ఉన్నాయి. 2016లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన థౌలెస్, హాల్డేన్, కోస్టర్లిట్జ్ పదార్థ స్థితులను వివరించడానికి వాడినవి టోపాలజీ భావనలే. మీ అమ్మాయి కూర్చుంటున్నది పనికొచ్చే చదువు దగ్గరే. ఆమెను కూర్చోనివ్వండి.

ప్రశ్న: కాఫీ కప్పు, గారె రెండూ టోపాలజీలో ఒకటేనని ఎక్కడ చూసినా అంటారు. మా సిలబస్‌లో ఆ మాటే రాలేదు. రెండు ఆకారాలు ఒకటి కావని రుజువు చేయడం ఎలా? మా ఇంటి ముందు వేసే మెలికల ముగ్గు, వృత్తం ఒకటేనా? — ఒక విద్యార్థిని, కుప్పం

జవాబు: ఒకటే అనడానికి, రెండు వైపులా అవిచ్ఛిన్నమైన ఒకటికొకటి సంబంధం, అంటే హోమియోమార్ఫిజం, ఒకటి చూపితే చాలు. రెండు వైపులా అన్న మాటను తేలికగా తీసుకోకండి. ఒక చివర బిందువు ఉండి, రెండో చివర బిందువు లేని తీగ ముక్కను వంచి గాజులా కలిపితే ఆ కలపడం అవిచ్ఛిన్నమే, ప్రతి బిందువుకూ ఒకే జోడీ కూడా ఉంది. తిరిగి విడదీసేటప్పుడు అతుకు దగ్గర పక్కపక్కనే ఉన్న బిందువులు తీగ రెండు కొసలకూ వెళ్లిపోతాయి. తిరుగు దారి అవిచ్ఛిన్నం కాదు కనుక అది హోమియోమార్ఫిజం కాదు.

ఒకటి కావని చెప్పడానికి ఒక దానిలో ఉండి రెండో దానిలో లేని గుణం పట్టుకోవాలి. మొదటి సెమిస్టరులో మీ చేతిలో ఉన్న పనిముట్లు కనెక్టెడ్‌నెస్, కాంపాక్ట్‌నెస్. వాటితో చాలా దూరమే వెళ్లవచ్చు. సంఖ్యా రేఖలో ఒక బిందువు తీస్తే రెండు ముక్కలవుతుంది, సమతలంలో ఒక బిందువు తీసినా ఒకే ముక్కగా ఉంటుంది, కాబట్టి అవి రెండూ ఒకటి కావు. గారె ఉపరితలం, బంతి ఉపరితలం ఒకటి కావని ఇలా సులువుగా తేలదు. దానికి ఫ్రెంచి గణితవేత్త పాయింకరే 1895 నుంచి రాసిన వ్యాసాలలో రూపుదిద్దుకున్న ఫండమెంటల్ గ్రూప్ (ఆకారం మీద గీయగల మూసిన వలయాలను లెక్కలోకి తీసుకునే బీజగణిత పనిముట్టు) కావాలి. మీ సిలబస్‌లో కప్పు, గారె కనిపించకపోవడానికి కారణం ఇదే. ఆల్జీబ్రాయిక్ టోపాలజీ పేపరు తీసుకుంటే అక్కడ ఎదురవుతాయి.

ముగ్గు ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. చుక్కలు పెట్టి, పిండి గీతను వాటి చుట్టూ తిప్పుతూ, చెయ్యి ఆపకుండా మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలిపే ముగ్గును తీసుకుందాం. (కొన్ని చుక్కల లెక్కలకు ఒకే గీత సరిపోదు, రెండు మూడు విడి గీతలు కావలసి వస్తాయి. వాటిని ఇప్పటికి వదిలేద్దాం.) గీతకు మందం లేదనుకుంటే, వేలు కదిలిన తీరు వృత్తం నుంచి సమతలంలోకి ఒక అవిచ్ఛిన్న ప్రమేయం. వృత్తం కాంపాక్ట్, కనెక్టెడ్ కనుక దాని ప్రతిబింబమైన ముగ్గు కూడా కాంపాక్ట్, కనెక్టెడ్. ఇంతవరకు రెండింటికీ తేడా కనబడదు.

తేడా గీత తనను తాను దాటే మెలిక దగ్గర ఉంది. అంకె 8 మధ్య బిందువును తీసేస్తే అది రెండు ముక్కలవుతుంది, వృత్తంలో ఏ ఒక్క బిందువును తీసినా ఒకే ముక్క మిగులుతుంది, కనుక 8, సున్న ఒకటి కావు. పెద్ద ముగ్గులో ఒక మెలికను తీసినా మిగిలినది వేరే దారుల్లో కలిసే ఉండవచ్చు. అందుకని మొత్తాన్ని కాక, ఆ మెలిక చుట్టూ చిన్న పొరుగునే చూడండి. అది గుణకారం గుర్తులా ఉంటుంది. నడిమి బిందువును తీసేస్తే నాలుగు విడి ముక్కలు మిగులుతాయి. ముగ్గుకూ వృత్తానికీ మధ్య హోమియోమార్ఫిజం ఉందనుకుంటే, ఈ చిన్న పొరుగు వృత్తంలో ఒక వివృత చాపంగా మారాలి, ఎందుకంటే వృత్తంలో మొత్తం వృత్తం కాని, శూన్యం కాని కనెక్టెడ్ వివృత సమితులు చాపాలే. చాపం నుంచి ఒక బిందువు తీస్తే మిగిలేవి రెండే ముక్కలు. నాలుగు ముక్కలు రెండుగా మారలేవు కనుక, ఒక్క మెలిక ఉన్నా ఆ ముగ్గు వృత్తం కాదు.

గీత ఎక్కడా తనను తాను దాటకుండా, తాకకుండా తిరిగి వచ్చి కలిస్తే, ఆ ప్రమేయం ఒకటికొకటి అవుతుంది. కాంపాక్ట్ స్పేస్ నుంచి హౌస్‌డార్ఫ్ స్పేస్‌కు వెళ్లే అవిచ్ఛిన్నమైన ఒకటికొకటి, పైకి కూడా అయిన ప్రమేయానికి తిరుగు దారి తనంతట అదే అవిచ్ఛిన్నమవుతుందన్న సిద్ధాంతం మీ పుస్తకంలో కాంపాక్ట్‌నెస్ అధ్యాయంలో ఉంటుంది. కాబట్టి ఎన్ని వంపులు తిరిగినా ఆ ముగ్గు వృత్తమే.